జలగడుగు

మా తమ్ముడు ఇంగ్లండు వెళ్ళి పద్దెనిమిదేళ్ళయింది. అక్కడి చలికీ ఒంటరితనానికీ విరుగుడుగా వాడొక వ్యాపకం పెట్టుకున్నాడు. ఆదివారం తెల్లవారుజామున చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, చివర పళ్ళెమంత తీగచుట్ట బిగించిన మెటల్ డిటెక్టరు పట్టుకుని, కోతలు ముగిసిన పొలాలలో నేలను తడుముతూ తిరుగుతాడు. రోమనుల నాటి రాగి నాణెం ఒకటీ, ఎవరో పోగొట్టుకున్న వెండి ఉంగరం ఒకటీ ఇంతవరకు వాడి ఆర్జన. అక్కడ దీనికొక పద్ధతి ఉన్నది. పొలం యజమాని అనుమతి పొందాలి. 1996 నాటి నిధుల చట్టం పరిధిలోకి వచ్చేదేదైనా దొరికితే అధికారులకు తెలపాలి. 2009లో స్టాఫర్డ్‌షైరు పొలంలో ఒక సామాన్యుడికి ఆంగ్లో-శాక్సన్ల బంగారు రాశి దొరికితే, దానికి కట్టిన 32.85 లక్షల పౌన్ల వెలను అతడూ భూమి యజమానీ పంచుకున్నారు.

మొన్న సంక్రాంతికి వస్తూ వాడు ఆ యంత్రాన్ని కూడా వెంట తెచ్చాడు.

"మన గౌలిపుర మట్టిలో ఏమున్నదో ఒకసారి చూద్దామన్నా" అన్నాడు. వాడి తర్కం కొట్టివేయదగినది కాదు. మా వీధికి నడిచిపోయేంత దూరంలోనే సుల్తాన్ షాహీ. మూడవ ఆసఫ్ జా కాలంలో, 1803లో, నిజాం టంకశాల వెలసింది అక్కడే. 1903లో సైఫాబాదులో కొత్త టంకశాల ఏర్పడిన తరువాత చార్మినారు బొమ్మతో వెండి రూపాయలు వచ్చాయి. ఆ బొమ్మలోని ద్వారంలో చిన్న ఉర్దూ అక్షరం ఒకటుంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయల లెక్కన చెల్లిన ఆ నాణేలు 1959లో పూర్తిగా చెలామణి నుంచి తొలగిపోయాయి. అన్ని లక్షల చేతులు మారిన నాణేలలో ఒక్కటైనా జేబు చిరిగి నేలపాలు కాలేదా అని వాడి ప్రశ్న.

నేను నా గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక చట్టం చదివి వినిపించాను. మట్టిలో దాగిన సొత్తు పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధుల చట్టం. నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువేనని 1972 నాటి మరొక చట్టం. వేలెడు లోతుకు మించి తవ్వనని వాడు మాట ఇచ్చిన మీదట, మరునాడు ఉదయం మేమిద్దరం మా చిన్ననాటి మైదానానికి వెళ్ళాము. ఇప్పుడది పార్కు. చుట్టూ ఇనుప కంచె, నడవడానికి సిమెంటు బాట, రెండు ఉయ్యాలలు.

తోటమాలిని అడిగాము. అతడు మా చేతిలోని యంత్రాన్ని చూసి రెండడుగులు వెనక్కు వేశాడు.

"బాంబు గింబు ఏమన్న ఉన్నదా సార్?"

తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన నాడు వాడు ఈ ఊళ్ళో లేడు. ఆ ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర పేలిన నాడూ లేడు. వాడి దేశంలో ఈ యంత్రం పోయినదాన్ని వెదికే సాధనం. మా ఊళ్ళో అది ప్రాణాలు తీసేదాన్ని వెదికే సాధనం. మసీదు గుమ్మంలో, సినిమా హాలు గుమ్మంలో దాని కింద నుంచి నడిచి వెళ్ళడం మాకు అలవాటయింది. అది కూత పెడితే ఇక్కడ ఎవరి ముఖమూ వికసించదు.

తోటమాలికి నచ్చజెప్పేసరికి అరగంట పట్టింది. "మొక్కలు పీకకుండ్రి" అని వదిలాడు. రెండు గంటలలో మాకు లభించినవి: సోడా మూతలు తొమ్మిది, పిన్నీసులు నాలుగు, సైకిలు చక్రపు పుల్ల, మాత్రల అట్ట రేకులు లెక్కలేనన్ని, చదరపు అల్యూమినియం అయిదు పైసల బిళ్ళ ఒకటి. రేకులకు కూడా తమ్ముడు ప్రతిసారీ ఆశగా మోకరిల్లడం చూసి కారణమడిగాను. తీగచుట్ట నుంచి వెలువడే అయస్కాంత తరంగం లోహంలో విద్యుత్తును రేపుతుందట. దాని ప్రతిధ్వనే ఆ కూత. చిన్న బంగారు నగకూ పలుచని అల్యూమినియం రేకుకూ ఆ కూత ఇంచుమించు ఒక్కలాగే ఉంటుందట. రేకును కాదనుకుంటే బంగారాన్నీ కాదనుకోవలసిందే.

ఆ అయిదు పైసలు 2011 జూన్ 30 తరువాత చెల్లవు. కలెక్టరుకు అర్జీ పెట్టే అవసరం కలగలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ ఉండగానే అమ్మ వంటింట్లోనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దొరికిందారా?"

తమ్ముడు అయిదు పైసల బిళ్ళ చూపించాడు. అమ్మ దానివంక చూడలేదు. "పైసలు కాదురా, నా కమ్మ" అన్నది.

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాము. ఆ కథ మేము ఎరగనిది కాదు. 1974లో, సద్దుల బతుకమ్మ నాటి రాత్రి, ఆ మైదానంలోనే ఆడుతూ ఉండగా అమ్మ ఏడురాళ్ళ కమ్మ ఒకటి జారిపోయింది. అమ్మమ్మ తన గొలుసు తెగనమ్మి పెళ్ళికి చేయించిన జత అది. ఇంటిల్లిపాదీ లాంతర్లతో వెదికారు. తెల్లవారి మట్టిని జల్లెడ పట్టారు. దొరకలేదు. మా చిన్నప్పుడు ఎప్పుడడిగినా అమ్మ, "ఏ జలగడుగు ఆమెకో దొరికి ఉంటది. ఆమె పిల్లల కడుపు నిండింది" అని నవ్వి ఊరుకునేది. కంసాలుల దుకాణాల ముందు దుమ్ము ఊడ్చి, కడిగి, అందులోని బంగారపు నలుసులను ఏరుకునేవారిని జలగడుగువారంటారు. అమ్మ దానధర్మం చేసినట్టే చెప్పేది. అందుకే, ఆ కమ్మ సంగతి తీరిపోయిందనుకున్నాము. పొద్దుటి నుంచీ ఆమె గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నదని మాకు తెలియదు.

తమ్ముడు మరునాడు మళ్ళీ వెళదామని పట్టుబట్టాడు. కానీ మైదానాన్ని పార్కు చేసేటప్పుడు లారీలకొద్దీ ఎర్రమట్టి పోశారు. వాడి యంత్రం అంత చిన్న నగను పసిగట్టగలిగేది జానెడు లోతు వరకే. నేను వాడిని పార్కుకు కాక చార్ కమాన్ వైపు తీసుకువెళ్ళాను.

ఇంకా దుకాణాలు తెరవలేదు. గుల్జార్ హౌజ్ దాటి కంసాలులు పనిచేసే ఒక సందులో, మురుగు కాలువ అంచున ఒక ముసలామె గట్టి కుంచెతో రాళ్ళ సందులు గీకి దుమ్మును తట్టలోకి ఎత్తుతున్నది. అడిగితే పని ఆపకుండానే చెప్పింది. దుమ్మును నీళ్ళలో తిప్పితే తేలికది పోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. ఇనుప రజను అయస్కాంతానికి అంటుకుని వస్తుంది. మిగిలిన మడ్డిలో పాదరసం వేసి పిసికితే బంగారాన్ని అది పట్టుకుంటుంది. ఆ ముద్దను కాల్చి పాదరసాన్ని పోగొట్టాలి. ఆ పొగ మంచిది కాదని తమ్ముడు అంటే, "తెలుసు బిడ్డా" అన్నది. కార్ఖానాల లోపలి దుమ్ము కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవాలట, అందుకే ఆమెకు వీధి మిగిలింది.

నీటికంటే ఇసుక బరువు రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ, బంగారం పందొమ్మిది రెట్లు. ఆమె విద్య అంతా ఆ తేడా మీదనే నిలిచి ఉన్నది. నలుసంత బంగారానికి తమ్ముడి యంత్రం పలకదు. ఆమె తట్ట పలుకుతుంది.

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాము. శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది.

"ఆమె చెవులకు ఏమున్నయి?"

"చీపురు పుల్లలు" అన్నాను. చెవి రంధ్రాలు పూడకుండా పెట్టుకున్న చిన్న ముక్కలు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తనలో తానే అన్నట్టుగా, "దొరికితే మాత్రం చెవులకు పెట్టుకుంటదా? బియ్యం కొనుక్కుంటది గానీ" అన్నది.

తమ్ముడు తిరిగి వెళ్ళిపోయాడు. అయిదు పైసల బిళ్ళను అమ్మ పారవేయనివ్వలేదు. కుంకుమ భరిణెలో, యాభై ఏళ్ళుగా దాచిన ఆ ఒంటి కమ్మ పక్కన, ఇప్పుడది ఉన్నది.