రాలేదు, వచ్చాడు, వచ్చారు

ఇంగ్లీషులో జరిగిపోయిన పనిని చెప్పే సింపుల్ పాస్ట్ అంటే మా క్రోసూరు పిల్లలకు బెదురు. ‘గో’ ఎందుకు ‘వెంట్’ అయింది, ‘కట్’ ఎందుకు ‘కట్’గానే ఉండిపోయింది అని అడుగుతారు. అలాంటివి వాడగా వాడగా నోటికి రావలసినవే. తక్కినవాటికి చివర ఈడీ చేరిస్తే చాలు. వర్క్, వర్క్‌డ్. ప్లే, ప్లేడ్.

అసలు చిక్కు ‘డిడ్ నాట్’ దగ్గర వస్తుంది. ‘ఐ డిడ్ నాట్ కేమ్’ అని రాసేస్తారు. అప్పుడు మేము తెలుగులోనే అడుగుతాం. ‘వచ్చాను’ కాకపోతే ఏమంటారు? ‘రాలేదు’ అంటారు. ‘వచ్చాలేదు’ అని ఎవరూ అనరు. ‘లేదు’ చేరగానే ‘వచ్చా’ పోయి ‘రా’ మిగిలింది. చూశాను, చూడలేదు. ఇంగ్లీషులోనూ అంతే. జరిగిన కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కాబట్టి ‘కేమ్’ మళ్లీ ‘కమ్’ అవుతుంది. ఈ సూత్రం పిల్లల నోట్లో ముందే ఉంది. మేము చూపిస్తున్నామంతే.

ఒక తేడా మాత్రం మాకు నచ్చుతుంది. తెలుగులో క్రియ చివర చూస్తే మనిషికి ఊరిచ్చే విలువ తెలిసిపోతుంది. ఆసామి వస్తే ‘వచ్చారు’. బుట్టలల్లే మా ఎరుకల తాత వస్తే, తల నెరిసినా ‘వచ్చాడు’. ఇంగ్లీషులో ఇద్దరికీ ‘హీ కేమ్’ ఒక్కటే.

అలాగని ఇంగ్లీషు మమ్మల్ని సమానంగా చూసిందని కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని రాసింది ఆ భాషలోనే. 1911లో దాన్ని తిరగరాశాక అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మా ఎరుకల వాళ్లను పుట్టుకతోనే నేరస్తులన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద కుటుంబాలను ఉంచారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

అందుకే ఈ పాఠానికి మేమొక వాక్యం రాయిస్తాం: ‘ద లా ఎండెడ్ ఇన్ 1952.’ ఫలానా సంవత్సరంలో అని చెప్పాక ‘హ్యాజ్ ఎండెడ్’ అనకూడదు. ‘హ్యాజ్’ పెడితే జరిగినదాన్ని ఇవాళ్టితో ముడిపెట్టినట్టు. సింపుల్ పాస్ట్ ఆ ముడి విప్పేస్తుంది. ‘ఎండ్’ చివర డకారం ఉంది కనుక ‘ఎండెడ్’ అని ఈడీని విడిగా, గట్టిగా పలకాలి. పిల్లలు గట్టిగానే పలుకుతారు.

ఊళ్లో ఏదైనా పోయిందంటే ముందు మా వాడ వైపు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆ చట్టం వర్తమాన కాలంలోనే నడుస్తోంది. వాళ్ల వ్యాకరణం దిద్దే అధికారం మాకు ఎవరూ ఇవ్వలేదు. మా పిల్లల నోటుబుక్కుల్లో మాత్రం ఆ ఈడీ ఒక్కచోట కూడా తప్పిపోకుండా చూసుకుంటున్నాం.