చక్రంలో అట్టముక్క

'దీనికి బ్రేకుల్లేవు నాన్నా!'

శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన రెండోరోజు మా అబ్బాయి నోట విన్న మాట అది. గోడకు ఆనించి ఉన్న వాడి సైకిలును అప్పటికే ఓ పది నిమిషాలుగా చూస్తున్నాను. హ్యాండిల్‌కి బ్రేకు పిడుల్లేవు. క్యారియర్ లేదు, స్టాండు లేదు, కనీసం బెల్లయినా లేదు. సన్నటి స్టీలు గొట్టాల చట్రం, రెండు చక్రాలు, ఒక చైను... అంతే! ఇంత బోడి బండికి సోకు మాత్రం వెనక చక్రంలో ఉంది. చువ్వల మధ్య ఇరికించిన ఐదు రంగురంగుల అట్టముక్కలు. వాటి మీద బొమ్మలు, అంకెలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఆఫీసుకు కార్లో వెళ్తున్నాడనుకుంటున్నాం మేమిద్దరం. వాడేమో ఈ బండి మీద, అదీ ఆ ఊళ్లో! శాన్‌ఫ్రాన్సిస్కో అంటే కొండల మీద పరిచిన నగరం. ఫిల్బర్ట్ వీధిలో ఒకచోట వాలు 31.5 శాతం. అంటే వంద అడుగులు ముందుకెళ్తే ముప్ఫై ఒక్క అడుగులు పైకెక్కినట్టు. అలాంటి ఊళ్లో బ్రేకుల్లేని సైకిలంటే ఏ తండ్రికి గుండె ఆగదు చెప్పండి?

ఆగితే పెడల్ ఆగాలి

'ఇది ఫిక్స్‌డ్ గేర్. అందరూ ఫిక్సీ అంటారు' అని వివరించాడు వాడు. మన సైకిళ్లకు వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపినా బండి కిర్‌ర్‌ర్ మంటూ సాగిపోతుంది. దీనికి ఆ ఫ్రీవీల్ లేదు. పళ్లచక్రం నేరుగా హబ్‌కే బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాళ్లూ తిరగాల్సిందే. వెనక్కి తొక్కితే బండి వెనక్కే నడుస్తుంది!

మరి ఆపడమెలా? ముందుకు వంగి బరువంతా హ్యాండిల్ మీద వేసి, కాళ్లు బిగబట్టి పెడల్ ఆపేయాలి. వెనక టైరు రోడ్డు మీద జారుకుంటూ ఆగుతుంది. దీన్లో ఓ లెక్క కూడా ఉందండోయ్. ముందు 48 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్నాయనుకోండి... పెడల్ ఒకచుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి ఆపేవాళ్లకు టైరు ప్రతిసారీ ఒకేచోట రాసుకుని, అక్కడే అరిగిపోతుంది. అదే 47, 17 పళ్లయితే అరుగుదల పదిహేడు చోట్లకు పంచుకుంటుంది. లెక్కల మాస్టారిగా ముప్ఫై ఏళ్లు చేసిన నాకు ఇది మాత్రం ముచ్చటగా అనిపించింది. పైకి అనలేదనుకోండి!

కవర్లు మోసినవాళ్ల బండి

అసలు ఇవి వెలోడ్రోమ్‌లో పందేలకు పుట్టిన సైకిళ్లు. గుండ్రటి ట్రాకు మీద బ్రేకు వేసే పనుండదు. మన హైదరాబాద్‌లోనూ 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అలాంటి ట్రాకు కట్టారు. ట్రాకు మీది బండిని వీధిలోకి తెచ్చినవాళ్లు అమెరికా నగరాల కొరియర్లు. లాయరు ఆఫీసు నుంచి కోర్టుకు, బ్యాంకు నుంచి కంపెనీకి కాగితాలు మోసేవాళ్లు. విడిభాగాలు తక్కువ కాబట్టి రిపేర్లూ తక్కువ. రోజంతా ట్రాఫిక్‌లో తిరిగేవాడికి అంతకన్నా ఏం కావాలి?

ఊరు వాళ్లను ఎప్పుడూ నెత్తిన పెట్టుకోలేదు. 1987లో న్యూయార్క్ మేయర్ ఎడ్ కాచ్ మిడ్‌టౌన్‌లోని ఫిఫ్త్, పార్క్, మాడిసన్ అవెన్యూల్లో పనిరోజుల్లో పగటిపూట సైకిళ్లు తిరక్కూడదన్నాడు. కొరియర్లు వందలమంది రోడ్డెక్కారు. చివరికి కోర్టులో ఆ నిషేధం నిలవలేదు. తర్వాత ఫ్యాక్సు, ఈమెయిల్ వచ్చి వాళ్ల పనే కరిగిపోయింది. కానీ బండి మిగిలింది. 2000 తర్వాత కాలేజీ కుర్రాళ్లు, బొమ్మలేసేవాళ్లు, మావాడిలాంటి ఉద్యోగులు దాన్ని పట్టుకున్నారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిక్సీ కుర్రాళ్ల మీద 'మాష్' అనే సినిమా కూడా వచ్చింది.

గుర్తు కోసం ఓ ముక్క

చువ్వల్లోని అట్టముక్కలది మరో కథ. 1989లో కెనడాలోని టొరంటోలో కొరియర్లు తమలో తాము ఓ పందెం పెట్టుకున్నారు. దానికి 'అలీక్యాట్' అని పేరు, అంటే వీధిపిల్లి. బయల్దేరే ముందు చేతికో కాగితం ఇస్తారు. అందులో ఊళ్లోని చిరునామాలుంటాయి. ఏ సందులోంచి వెళ్తావో నీ ఇష్టం. అన్నిచోట్లా గుర్తు వేయించుకుని ముందొచ్చినవాడే విజేత. కొరియర్ల రోజువారీ పనే ఆట అయిందన్నమాట! 1993లో బెర్లిన్‌లో వాళ్ల ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. 1996లో అవి శాన్‌ఫ్రాన్సిస్కోకూ వచ్చాయి.

ఈ పందేల్లో వీపుకు కట్టుకునే నంబరు బదులు చక్రంలో పెట్టుకునే ముక్క ఇస్తారు. అదే స్పోక్ కార్డ్. పేకముక్కకన్నా కాస్త పెద్దది. ఒకవైపు పందెం బొమ్మ, మూలన నంబరు. వానకు తడవకుండా ప్లాస్టిక్ పూత. చువ్వలు ఒకదాన్నొకటి దాటేచోట దోపితే చాలు, ఎంత వేగంగా వెళ్లినా ఊడదు. పందెం అయిపోయాక ఎవరూ తీసేయరు. నాలుగైదు ముక్కలున్న చక్రం కనిపిస్తే చాలు, వాడెక్కడెక్కడ తిరిగాడో తోటివాళ్లకు తెలిసిపోతుంది.

'మేమూ పెట్టేవాళ్లంరా' అన్నాను. అడ్డతొక్కుడు తొక్కే వయసులో, అట్టముక్కను బట్టల క్లిప్పుతో ఫోర్కుకి బిగిస్తే చువ్వలు తగిలి టపటపమని మోటారు సైకిలు శబ్దం వచ్చేది. చువ్వలకు రంగు పూసలు, దసరాకు రంగు కాగితాలు సరేసరి. వాడు నవ్వాడు. 'మీది చప్పుడు కోసం. ఇది చప్పుడు చెయ్యదు నాన్నా' అన్నాడు.

నల్ల అంచు ముక్క

ఐదింట్లో ఒకదానికి మాత్రం నంబరు లేదు. నల్ల అంచు, ఓ కుర్రాడి నవ్వుముఖం, రెండు తేదీలు. వీడితో పందేలకు తిరిగిన స్నేహితుడట. ఓ కూడలిలో మలుపు తిరుగుతున్న లారీ కింద పడ్డాడు. పోయినవాళ్ల పేరుతో ముక్కలు వేయించి పంచుకోవడం ఇక్కడి ఆనవాయితీ.

మర్నాడు నన్ను ఆ కూడలికి తీసుకెళ్లాడు. స్తంభానికి గొలుసుతో కట్టిన ఓ సైకిలు. టైర్లు, చైను, సీటుతో సహా అంతా తెల్లరంగు. వాడిన పూలు. సైక్లిస్టు చనిపోయినచోట ఇలా తెల్ల సైకిలు పెట్టడం 2003లో సెయింట్ లూయిస్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకింది.

'చూశావా, అందుకే బ్రేకు పెట్టించమంటున్నా' అన్నాను.

'వాడి బండికి రెండు బ్రేకులూ ఉన్నాయి నాన్నా' అన్నాడు నెమ్మదిగా.

నా దగ్గర జవాబు లేదు. కాలిఫోర్నియా చట్టంలోనూ వాడికో వాదన దొరికింది. పొడిగా, చదునుగా ఉన్న రోడ్డు మీద ఒక చక్రాన్నైనా జారేలా ఆపగలిగే బ్రేకు ఉండాలంటుంది. నా కాళ్లే ఆ పని చేస్తాయిగా అంటాడు వీడు. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. గుమ్మం దగ్గర మాత్రం అన్నాను... 'నువ్వు చెప్పింది నిజమేరా. చైను తెగితే నీ కాళ్లేం చేస్తాయి? మీ అమ్మకు నేనేం చెప్పాలి?'

వాడేమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత చూస్తే ముందు చక్రానికి బుల్లి బ్రేకు ఉంది. ఎప్పుడు పెట్టించాడో నేనడగలేదు, వాడూ చెప్పలేదు. ఆ ఆదివారం నాకో అద్దె సైకిలు తెచ్చి 'విగిల్' చూపించాడు. మార్కెట్ వీధి వైపు నుంచి గోల్డెన్ గేట్ పార్కు వైపు, కొండలెక్కకుండా మెలికలు తిరుగుతూ వెళ్లే సైకిలు దారి అది. మెలిక వచ్చినప్పుడల్లా వాడు వెనక్కి తిరిగి నేనొస్తున్నానా అని చూసుకున్నాడు. ఒకప్పుడు తెనాలి కాలవగట్టు మీద వాడికి సైకిలు నేర్పుతూ నేను చూసినట్టే!

తిరిగొచ్చేరోజు వాడి పాత పందెం ముక్క ఒకటి నా సంచిలో పెట్టాడు. నంబరు 37. ఇప్పుడది తెనాలిలో నా సైకిలు వెనక చక్రంలో ఉంది. 'చప్పుడే రావట్లేదు కదా తాతా, ఎందుకది?' అని అడుగుతున్నారు వీధిలో పిల్లలు. నిజమే, బయటికి చప్పుడేమీ రాదు. మా ఆవిడ మాత్రం రోజూ సైకిలు తుడిచేటప్పుడు ఆ ముక్కను చీరకొంగుతో విడిగా తుడుస్తుంది.