గెలుపు గురువారం, కుర్చీ వచ్చే ఏడు

ఏం వదినా, పొద్దున్నే ఫోను చెవికి పెట్టుకుని అంత గట్టిగా నవ్వుతా ఉండావు? ఓహో, మీ తమ్ముడి కొడుకా? ఇంగ్లండు నుంచా? ఏమంటాడు? వాళ్ళ ఊర్లో కౌన్సిలు ఎలక్షన్ రిజల్టు వచ్చిందా? బాగుండాది. ఈడ మన వీధి కొళాయి రిజల్టు నాలుగు దినాలుగా రాలేదు, దాని సంగతి చెప్పు ముందు.

సరే సరే, కోప్పడొద్దు. ఆ గోడ మీద బట్టలు కొంచెం పక్కకి జరుపు, నీ మొహం కనపడాల కదా మాట్లాడాలంటే.

ఇండియా పాస్‌పోర్టుతో పోయిన పిల్లోడు ఆడ ఓటెట్ల వేసినాడని నాకూ డౌటొచ్చింది. పోయిన తూరి వాడొచ్చినప్పుడు అడిగినా. మన దేశం కామన్వెల్తులో ఉండాది కాబట్టి, ఆడ సరైన కాగితాలతో ఉండే మనోళ్ళు పేరు రాయించుకుంటే ఓటెయ్యచ్చంట. కౌన్సిలుకే కాదు, పార్లమెంటుకి కూడా. మనల్ని ఏలిపోయినోళ్ళ ఊర్లో మీవాడు ఓటేస్తా ఉండాడు, వాళ్ళు బంగారం తవ్విపోయిన ఊర్లో మనం వేస్తా ఉండాం. మన పేట పేరు చూడు, మైసూరు సంస్థానంలో రెసిడెంటుగా ఉన్న రాబర్ట్‌సన్ దొర పేరు. పక్కనే ఆండర్సన్‌పేట. ఛాంపియన్ రీఫ్‌కి పోతే అది ఇంకా ఇంగ్లీషు. మన ఊరి రిజల్టు చదివితే ఇంగ్లండు రిజల్టు అనుకోవాల ఎవరైనా!

ఆడ లోకల్ ఎలక్షన్లు మే నెలలో, గురువారం పెడతారు. పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా వేస్తారు. మిషను లేదు, కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టేదే. రాత్రి పది దాకా అని వాడు చెప్పినప్పుడు నాకు ఒకటే అనిపించింది, ఈ ఊరికి కావాల్సింది ఆ టైమే అని. మనకి సాయంత్రం అయిదుకే తలుపులేస్తారు. ఓట్ల రోజు ఊర్లో సెలవిస్తారు సరే, బెంగళూరు కంపెనీవాడు ఇస్తాడా? 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినాక ఈ ఊరి సగం సంసారాలు మారికుప్పం రైలు మీదే కదా నడిచేది. చీకట్లో లేచి మారికుప్పంలోనో ఊరుగాంలోనో రైలెక్కితే మళ్ళీ చీకటి పడినాకే ఇల్లు. అందుకే మన క్యాండిడేట్లు తెల్లారకముందే స్టేషన్లో నిలబడి దండాలు పెడతారు. వాళ్ళ దండాలకి పాపం రైలు ఆగదు.

మన నగరసభ లెక్క గుర్తుండాదా నీకు? 2019 నవంబరు 12 మంగళవారం ఓట్లు, 14 గురువారం లెక్కింపు. మన జిల్లాలో కోలారు, ముళబాగిలు, మన రాబర్ట్‌సన్‌పేట, మూడింటికీ ఒకే రోజు. మంగళూరు, దావణగెరె కార్పొరేషన్లు కూడా అప్పుడే. మొత్తం 14 ఊర్లు, 418 వార్డులు. కాంగ్రెసుకి 151, బీజేపీకి 125, జనతాదళ్‌కి 63. మిగిలిన 79 పక్షేతరులకీ చిన్న పార్టీలకీ పోయినాయి. అంటే అయిదింట్లో ఒకదానికి కొంచెం తక్కువగా, పెద్ద పార్టీ ఏదీ లేనోడే గెలిచినాడు.

లెక్కింపుకి ముందు రోజే, నవంబరు 13న, సుప్రీంకోర్టు 17 మంది ఎమ్మెల్యేల అనర్హత సరైనదే అని తీర్పిచ్చింది. మీ ఆయన అప్పుడు ఇదే గోడ దగ్గర నిలబడి, చూస్తా ఉండండమ్మా, కాంగ్రెసు ముందుకొచ్చింది, ఇంక ఎడియూరప్ప సర్కారు పని అయిపోయింది అన్నాడు. నెల తిరక్కుండానే 15 సీట్లకి ఉపఎన్నికలొచ్చినాయి, డిసెంబరు 9న చూస్తే 12 బీజేపీకే. వార్డు ఓటు చూసి సర్కారు జాతకం చెప్పేవాళ్ళని నేను అప్పట్నించీ నమ్మను. వార్డులో జనం వేసేది చరండి కోసం, నీళ్ళ కోసం, రాత్రి పదకొండుకి ఫోను చేస్తే ఎత్తుతాడా లేదా అని చూసి. ముఖ్యమంత్రి ఎవరనేది ఆ లెక్కలో యాడా రాదు.

అందులోనూ ఈ ఊరు మొదటినుంచీ తన దారిన తాను పోయేదే. రాష్ట్రమంతా ఒకవైపు పోతే మనం ఇంకోవైపు. 1952లో ఈడ గెలిచినాయన కార్మిక నాయకుడు, కమ్యూనిస్టు కె.ఎస్. వాసన్. తరువాత రిపబ్లికన్ పార్టీ సి.ఎం. ఆరుముగం. ఆయన పేరు చెప్తే మా నాయన లేచి నిలబడేవాడు. 1983లో భక్తవత్సలం రెండాకుల గుర్తు మీద గెలిచినాడు, ఎంజీఆర్ పార్టీ! మద్రాసులో కాదమ్మా, కర్ణాటకలో. 1985లో ఆ సీటు మార్క్సిస్టు టి.ఎస్. మణికి పోయింది. 1989లో మళ్ళీ రెండాకులు, 1994లో రిపబ్లికన్ రాజేంద్రన్, 1999లో మళ్ళీ రెండాకులు. వేరే ఊరోళ్ళకి చెప్తే నమ్మరు. ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన అరవోళ్ళు, చిత్తూరు పక్కనుంచి వచ్చిన మనం, కన్నడం వాళ్ళు, సాయిబులు, అందరూ ఒకే లైన్లో పది అడుగుల ఇళ్ళల్లో కాపురం చేసినారు. పొద్దున ఒకే పంజరంలో నిలబడి వేల అడుగులు కిందికి దిగినారు. దిగేవాడికి పక్కన నిలబడే యూనియన్ లీడరు ముఖ్యం గానీ ఢిల్లీ పార్టీతో ఏం పని? గనులు పోయినాయి, ఆ లెక్క కొంచెం కొంచెంగా మారింది. 2008లో బీజేపీ సంపంగి, 2013లో వాళ్ళమ్మ రామక్క, 2018లో కాంగ్రెసు రూపకళ నలభై వేల పైచిలుకు మెజారిటీతో, 2023లో మళ్ళీ ఆమే యాభై వేలకి పైన. పెద్ద ఎలక్షన్లో ఇప్పుడు మనం కూడా అందరిలాగే అయిపోయినాం. వార్డు ఎలక్షన్లో మాత్రం పాత బుద్ధి పోలేదు, మనిషిని చూసే వేస్తాం.

ఇంకోటి చెప్పనా? వార్డు మెంబరంటే తక్కువగా చూస్తావే నువ్వు. రూపకళ వాళ్ళ నాయన మునియప్ప 1991 నుంచి వరసగా ఏడుసార్లు కోలారు ఎంపీ. 2019లో ఆయన్ని రెండు లక్షల పైన ఓట్లతో ఓడించిన మునిస్వామి అంతకుముందు ఏమిటో తెలుసా? బెంగళూరు కాడుగోడి కార్పొరేటరు.

అదే మరి, అసలు సంగతికి వస్తా ఉండాను. మీ పిల్లోడి ఊర్లో ఓట్లు లెక్కపెట్టిన రెండు మూడు వారాల్లో కౌన్సిలు కూర్చుంటుంది. మేయరునో చైర్మనునో ఎన్నుకుని పనిలో పడిపోతారు. మనకి? గురువారం గెలిచినారు, డప్పులు కొట్టించినారు, శాలువాలు కప్పించుకున్నారు, నీకూ నాకూ లడ్డు ఇచ్చినారు. ఆ తరువాత దాదాపు ఏడాది కుర్చీ లేదు! అధ్యక్షుడి పదవి ఈసారి ఏ వర్గానికి, ఆడవాళ్ళకా కాదా అని బెంగళూరులో రిజర్వేషన్ పట్టీ తయారుకావాల. అది తయారయ్యేసరికి 2020 చివరి నెలలొచ్చినాయి. కోర్టుల్లో గొడవ వేరే. అంతదాకా ఊరిని నడిపింది ఆఫీసర్లే. ఆ ఏడాదే కరోనా కూడా వచ్చింది, గుర్తు తెచ్చుకో. వీధులన్నీ మూసిన ఆ కాలంలో గెలిచిన మెంబర్లు చేతిలో సర్టిఫికెట్టు పెట్టుకుని తిరిగినారు, అధికారం లేక.

అది ఒకసారితో పోలేదు. అధ్యక్షుడి గడువు 30 నెలలు. అది తీరినాక రెండో విడతకి మళ్ళీ పట్టీ కావాల, అది 2024 ఆగస్టులో వచ్చింది. మళ్ళీ ఏడాది పైన ఆఫీసర్ల రాజ్యం. ఇందులో మెంబర్లకి పోయేది పెద్దగా లేదు, ఎందుకంటే రాజ్యాంగంలో అయిదేళ్ళ లెక్క మొదటి సభ కూర్చున్న రోజు నుంచి మొదలవుతుంది, గెలిచిన రోజు నుంచి కాదు. పోయింది మనకే. పాయసం వండి ముందర పెట్టి గరిటె దాచిపెట్టినట్టుండాది.

కుర్చీ లెక్క కూడా విను. అధ్యక్షుడిని ఎన్నుకునేది 35 మంది మెంబర్లే కాదు, ఎమ్మెల్యేకి, ఎంపీకి కూడా ఓటుంటుంది. అంటే 37. మొదటి విడతప్పుడు ఎమ్మెల్యే కాంగ్రెసు, ఎంపీ బీజేపీ. ఇంక పక్షేతరులకి ఎంత గిరాకీనో నువ్వే ఊహించుకో. పార్టీ గుర్తు మీద గెలిచినవాడు విప్పు దాటితే 1987 నాటి చట్టం ప్రకారం పదవి పోతుంది. పక్షేతరుడికి ఆ భయం లేదు, ఏ పక్కకైనా చెయ్యెత్తచ్చు. ఊరికే పార్టీలో చేరకూడదు, చేరితే వాడి పదవీ పోతుంది. అందుకే మనోళ్ళు చేరరు, 'మద్దతు' ఇస్తారు. మద్దతుకి రసీదు ఉండదు కదా!

సరే, అన్నీ వాళ్ళ తప్పే అంటే న్యాయం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఈ ఊరు లక్షా 62 వేలు. 35 వార్డులకి పంచితే ఒక్కో దానికి నాలుగున్నర వేల మంది. పిల్లల్ని తీసేసి, రైల్లో ఉండిపోయినోళ్ళని తీసేసి, ఒక వార్డుకి ఎనిమిది మంది నిలబడితే, ఏడెనిమిది వందల ఓట్లు తెచ్చుకున్నవాడు కూడా గెలిచిపోతాడు. మన రెండు వీధులు కలిసి అడిగితే ఏ క్యాండిడేటుకైనా చెమట పడుతుంది. మనం అడిగేది ఏంది? నీళ్ళకి బేతమంగళం చెరువు పేరు చెప్తాడు, తలూపి ఇంటికొస్తాం.

గనుల లైన్లలో ఉండే మా చెల్లెలి కష్టం ఇంకోటి. కింద భూమి కేంద్రం కంపెనీది, చరండి నగరసభది, ఇంటి కాగితం ఎవరిదో ఎవరికీ తెలీదు. ఖాతా చేయించండి అంటే ఈ ఆఫీసువాడు ఆ ఆఫీసు చూపిస్తాడు. వేసవి గాలికి సైనైడు గుట్టల దుమ్ము ఇంట్లోకి వస్తే అది మా పరిధి కాదంటారు. ఆ లైన్లలో ఓటు అడగడానికి వచ్చే ప్రతివాడినీ దీని మీద కాగితం మీద రాసిమ్మని నేనైతే అడుగుతా, ఏ పార్టీవాడైనా సరే. రాయనివాడికి లడ్డు కూడా వెనక్కి ఇచ్చేస్తా.

ఏంది, కుక్కరు కూసిందా? పో పో, అన్నం మాడుతుంది. ఒక్క మాట విని పో. ఎలక్షన్ వచ్చేముందు వార్డుల హద్దులు మారుస్తారు, లిస్టు మళ్ళీ అచ్చేస్తారు. మీ అమ్మాయికి పద్దెనిమిది నిండినాయి కదా, దాని పేరు ఎక్కిందో లేదో ఇప్పుడే చూడు. మీ ఆయన పేరు కూడా చూసుకో, ఆయన ఇంకా పాత లైన్ల అడ్రసులోనే ఉండుంటాడు. ఫారాలు మా ఇంట్లో ఉండాయి, సాయంత్రం వచ్చి తీసుకుపో.