రియాల్‌ని రూపాయల్లో గుణించుకునే బతుకులు



ఒమన్‌కి కొత్తగా వచ్చినోణ్ని గుర్తుపట్టాలంటే చాయ్ హోటల్ ముందు చూడాలె. వంద బైసల చాయ్‌కి పెదాలు కదుపుతుంటడు. ఇరవై రూపాయల పైనే అని లెక్క. పదేండ్ల సంది ఉన్న మనమూ అంతే, కాకపోతే పెదాలు కదలవు.

ఈ గుణకారం మనకు మేలు చేసింది. అది లేకుంటే రువీ బజార్ల ఒక్క శుక్రవారం తిరిగితే జీతం సగం అయిపోవు. అప్పు మిత్తి, చెల్లె పెండ్లి, ఇంటి స్లాబు అన్నీ దాని పుణ్యమే. కానీ మనిషి బుద్ధి ఎట్లుంటదంటే, అలవాటైన లెక్కని ఎక్కడ ఆపాలో దానికి తెల్వదు. అంగీ దగ్గర మొదలైన లెక్క పండ్ల దగ్గరికి, ఆఖరికి బీపీ గోలీల దగ్గరికి వస్తది. "డాక్టర్‌కి ఐదు రియాళ్లా? వెయ్యి రూపాయల పైనే! ఊరికి పోయినప్పుడు చూపించుకుందాం" అంటం. ఊరికి పోయేది రెండేండ్లకోసారి. ఒంట్ల ఉన్న షుగరు రెండేండ్లు ఆగుతదా?

ఇంటోళ్లూ గుణిస్తరు, కానీ జీతాన్ని మాత్రమే. 120 రియాళ్లంటే వాళ్లకు పాతికవేల మాట. మెస్సు, ఫోన్ రీచార్జి, సబ్బులు వాళ్లకు కనపడవు. ఎట్ల కనపడతయి, మనం చెప్తే కదా! అమ్మ "ఎండలెట్లున్నయి బిడ్డా" అంటే "లోపల ఏసీలనే పని" అంటం. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు బయట పని చేయించొద్దని ఇక్కడి సర్కారే రూల్ పెట్టింది. ఆ ఎండ ఏందో ఇంటికి చేరనియ్యం.

రేటు పెరిగితే మన సంబురం చూడాలె. 1986 నుంచి ఒక రియాల్ అంటే సుమారు 2.60 డాలర్లే, అది మారలేదు. 2010లో ఆ రియాల్‌కి సుమారు 120 రూపాయలే వచ్చేది, ఇప్పుడు 200 దాటింది. పెరిగింది మన జీతం కాదు, తగ్గింది మన రూపాయి. ఊర్ల బియ్యం, సిమెంటు, ఆస్పత్రి బిల్లు కూడా ఆ పదిహేనేండ్లల్ల పెరిగినయి. అయినా ఎక్స్‌ఛేంజ్ ముందు లైన్ల నిలబడి నవ్వుకుంటం.

ఈ దేశపోళ్ల దగ్గర ఒక పాత లెక్క ఉంది. నిజ్వా దిక్కు ఖర్జూర తోటల్ల పనిచేసే మనోళ్లకు ఎరుకే: ఫలజ్. కొండల కింది నీళ్లని కాలువ ద్వారా ఊరికి తెచ్చే పద్ధతి. 2006లో యునెస్కో వారసత్వ జాబితాల ఎక్కిన ఐదు ఫలజ్‌లల్ల నిజ్వా దగ్గరి దారిస్ ఒకటి. మన చెరువు కింద వంతులేసుకున్నట్టే, తోటలకు టైము లెక్కన నీళ్లు పంచుకుంటరు. కానీ తోటకు పారేముందు, కాలువ మొదట్ల మనుషులు తాగే నీళ్లు తీసుకుంటరు. ఆ తర్వాతనే మిగతా అవసరాలు, తోటలు. తోటంటే ప్రేమ లేక కాదు, తాగేటోడు ఉంటేనే తోట చూసుకుంటడని.

మన జీతం మాత్రం సీదా తోటకే పారుతది.

అందుకే ఒక మాట. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి ఖర్చు కూడా చెప్పుండ్రి, ఎంత వచ్చింది, ఎంత తిన్నం, ఎంత మిగిలింది అని. వాళ్లు అర్థం చేసుకోరని మనమే అనుకుంటం, చెప్పి చూసినోళ్లు తక్కువ. ఈ నెల జీతం పడంగనే, ఎక్స్‌ఛేంజ్‌కి పోయేముందు ఆపేసిన గోలీలు కొనుక్కోండ్రి. ఆ బిల్లు ఒక్కదాన్ని గుణించకుండ్రి.