రొచ్చుకాలువపై తాటిపట్టెలు

మా పశువుల పాకలో రెండు గేదెలు, ఒక యావు, ఒక పెయ్య కలవు. అవి నిలుచు నేలకు వెనుకవైపున అడుగు వెడల్పు కాలువ నొకదానిని గట్టించి, దానిపై మా తండ్రిగారు తాటిపట్టెలు పఱపించిరి. పేడయు మూత్రమును పట్టెల సందులలో దిగి, కాలువ వెంట పెరటిలోని కుండీకి బోవును. మా అమ్మ దానిని రొచ్చుకాలువ యనును. బడిలో నేను పశువ్యర్థము లని చెప్పుదును గాని, ఇంట నాకును అది రొచ్చే.

ఈ విషయమున నాకు పుస్తకజ్ఞానము కొఱవడలేదు. మూత్రములోని నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో గలిసిపోవుననియు, మట్టిలో నింకించినచో పైరుకు బలమగుననియు పిల్లలకు చెప్పుచుందును. ఇండోరులో పనిచేసిన ఆల్బర్టు హోవార్డు దొర, యశ్వంత్ వాడ్‌తో గలిసి 1931లో ప్రకటించిన గ్రంథమున, పాకలో మూత్రము నానిన మట్టిని ఎరువుకుప్పలో గలుపు పద్ధతి యున్నది. దానిని గూర్చి యుపన్యాస మొకటి గూడ నిచ్చితిని. కాలువపై పట్టెలను మాత్రము వంగి చూడలేదు.

చూచినను తెలియకపోవునేమో. టేకునకు చేవ లోపల, తాటికి వెలుపల. లోపలిది మెత్తని బెండు. పట్టె పైముఖము నల్లగా, గట్టిగా గనబడుచుండగనే, బెండు మిగిలిన యడుగుభాగము రొచ్చులో నాని పీచుపీచుగా నూడిపోవును. పైగా గిట్టల రాపిడికి అంచులు గుండ్రబడి, అంగుళమున్నర యుండవలసిన సందు రెండంగుళములు దాటును.

పాకపని చేయు నామె శ్రావణమాసముననే, "రెండు పట్టెలు మెత్తబడ్డాయండి, మాస్టారుగారూ" అని చెప్పినది. "ఆదివారము చూతములే" అంటిని. ఆమె నాకంటె పెద్దది. నేను ఆమెను 'నీవు' అందును. ఆమె నన్ను 'మీరు' అనును. దానిని గూర్చి వ్రాయ మొదలిడిన వేఱొక వ్యాసమగును.

ఆదివారములు నాలుగు గడచినవి. ఈలోగా ఆ చోట గోనెసంచి యొకటి, దానిపై రెండిటుకలు గనబడుచుండెను. వినాయకచవితికి బంధువులు వచ్చుచున్నారని, చూచుటకు బాగుండలేదని, నేనే వానిని తీయించితిని. మఱునాటి తెల్లవాఱుజామున చూడిగేదె వెనుకకాలు పట్టె విఱుగగా కాలువలో దిగబడినది. నలుగురము పట్టి లేపితిమి. గిట్ట చీలి నెత్తురు గాఱుచుండెను. పశువైద్యుడు ఉదయమే వచ్చి కట్టుగట్టి, చూలునకు భయములేదనెను. మధ్యాహ్నమునకు వడ్రంగి వచ్చెను.

చెడిన రెంటిని మార్చిన చాలుననుకొంటిని. వడ్రంగి యొప్పుకొనలేదు. పాతవి అరిగి పలుచబడినవి. వాని నడుమ క్రొత్తది యెత్తుగా నిలిచి గిట్టకు దగులుననెను. 38 పట్టెలును మార్చవలసినదే. సిమెంటు పలకలు వేయింతమా, చిరకాలముండును గదా యని నేనడిగితిని. దూరమున నిలుచున్న యామె, "ఎత్తి కడిగేది నేను గదండీ" అన్నది. తాటిపట్టెలే నిశ్చయమైనవి.

పనితీరు నాకు ముచ్చట గొలిపినది. ముదురు తాటిమాను తెచ్చి, బెండు జాడ లేకుండ చెక్కి, చేవ మాత్రము నిలిపిరి. ప్రతి పట్టెయు పైన వెడల్పుగా, క్రింద సన్నముగా నుండునట్లు చిత్రికపట్టిరి. అప్పుడు సందు పైన నిఱుకై క్రిందికి విశాలమగును. దిగిన పేడ మధ్యలో పట్టుకొనదు. అంగుళమున్నర చెక్కముక్క నొకదానిని కొలతగా నిలిపి వరుస సరిచూచిరి. వడ్రంగి కుఱ్ఱవాడు కుండీమూత తెఱచి, కఱ్ఱతో గలియబెట్టుచు లోనికి వంగగా, వాని చొక్కా పట్టి యీడ్చితిని. కదిపిన రొచ్చునుండి కుళ్లిన గ్రుడ్డు వాసన గల విషవాయువు లేచును. అది యెక్కువైనప్పుడు ముక్కునకు వాసనయే తెలియదు. నా చదువు ఆ దినమున నక్కఱకు వచ్చిన దంతమాత్రమే.

పాతపట్టెలను గోడకు జేర్చుచుండగా నామె కాలిమడమపై నల్లని మచ్చ కనబడినది. ఏమని యడిగితిని. శ్రావణములో తన కాలును అక్కడనే దిగినదట. గోనెయు నిటుకలును అందుకే పెట్టినదట. "గొడ్డు అడుగెయ్యకుండా నండీ" అన్నది.

రాత్రి పద్దుపుస్తకము తీసితిని. గేదె వైద్యము, తాటిమాను, వడ్రంగి కూలి పశువుల పద్దున వ్రాసితిని. వెనుకకు త్రిప్పగా శ్రావణమున నా చేతివ్రాతయే: పాకపని ఆమె 6 దినములు రాలేదు, కూలి తగ్గించవలెను.

మఱునాడు ఆ యాఱు దినముల కూలిని ఆమె చేతిలో బెట్టితిని. ఆమె లెక్కించుకొని, "ఇది దేనికండీ?" అన్నది. చెప్పితిని.

"అప్పుడే అమ్మగారికి చెప్పానండీ, కాలు దిగబడిందని" అని, డబ్బు కొంగున ముడివైచుకొని, క్రొత్తపట్టెలపై నొక్కొక్కదానిమీద కాలుమోపి నడచి చూచినది. ఏడవది కదలుచున్నదనెను. వడ్రంగికి మరల కబురంపితిని.