కారు దించే ముందు గల్లీ చూడండి

రీల్స్‌లో నేలకు అతుక్కున్నట్టు దించిన స్విఫ్ట్ కనిపిస్తే మనసు లాగుతుంది. నాకూ అంతే. కాశిబుగ్గలో మా మెకానిక్ అన్న కూడా, "ముప్పై మిల్లీమీటర్లు దించుదాం తమ్మీ, లుక్కు జబర్దస్త్ ఉంటది" అన్నాడు.

లెక్క వేశా. మా స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మి.మీ. దించితే 133. నలుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పెడితే ఇంకా తక్కువ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మి.మీ., వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే నాలుగు చక్రాలూ దాని మీదికే ఎక్కుతాయి, కారు కడుపుకు ఏమీ కాదు. మా గల్లీల్లో మాత్రం బ్రేకర్ అంటే ఇరుకైన సిమెంటు కట్టే!

స్ప్రింగ్ కోయించడం చవకే, కానీ వద్దు. కోసిన స్ప్రింగ్ సరిగా కూర్చోదు, షాక్ అబ్జార్బర్ బంప్ స్టాప్‌కి కొట్టుకుంటుంది. పొట్టిగా, గట్టిగా చేసిన లోయరింగ్ స్ప్రింగ్స్ నయం. కాయిలోవర్ అయితే ఎత్తు మార్చుకోవచ్చు, ఖరీదెక్కువ. ఏది వేసినా వీల్ అలైన్‌మెంట్ తప్పదు. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా ఉంది, జైలు కూడా పడొచ్చు.

అన్నిటికన్నా, నాన్నకు మోకాళ్ల నొప్పి. సీటు అంగుళం దిగినా లేవడానికి ఒక చెయ్యి కావాలి. నేనేమో వారమంతా హైదరాబాద్‌లో.

అందుకే ఎత్తు ముట్టుకోలేదు. అరిగిన షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు మార్పించా. మలుపుల్లో ఊగడం తగ్గింది. లుక్కంటారా, రీల్స్‌లో చూసుకుంటా.