అదే మెషీన్, వేరే రాయి

మా బాబాయి లారీ డ్రైవర్. పోయిన వేసవిలో ఆయనకు కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో రాయి ఇరుక్కుంది. అప్పు తెచ్చి షాక్‌వేవ్ చేయించారు. మూడు వారాల తర్వాత ఎక్స్‌రే తీస్తే రాయి అక్కడే ఉంది. అదే ఆసుపత్రిలో, అదే మెషీన్ మీద మా వీధి తాపీమేస్త్రీకి మాత్రం ఒక్క సిట్టింగ్‌లో పొడైపోయింది. "ఆయనకి పగిలింది, మీ బాబాయికెందుకు పగల్లేదురా? డబ్బులు గుంజడానికేనా?" అంది పిన్ని. ఇంజినీరింగ్ చదువుతున్నాను కదా, ఇలాంటి ప్రశ్నలన్నీ నాకే వస్తాయి.

సూత్రం మనకు తెలిసిందే. దీర్ఘవృత్తానికి రెండు నాభులని ఇంటర్‌లో బట్టీ పట్టాం కదా! పాత మోడల్ మెషీన్లలో ఒక నాభి దగ్గర స్పార్క్ పుడుతుంది, రెండో నాభి దగ్గర రాయి ఉండేలా చూస్తారు. 1980లో మ్యూనిక్‌లో తొలిసారి మనిషికి చేసినప్పుడు రోగిని నీళ్ల తొట్టిలో ఉంచారు. ఎందుకంటే తరంగం నీటిలోంచి ఒంట్లోకి సాఫీగా వెళ్తుంది, గాలి తగిలితే వెనక్కి తిరుగుతుంది. ఇప్పుడు తొట్టి బదులు నీటి దిండు, జెల్ వాడుతున్నారు. ఆ జెల్‌లో గాలి బుడగలున్నా దెబ్బ బలం తగ్గిపోతుంది.

మేస్త్రీ తన సీటీ రిపోర్టు తెచ్చిస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన రాయి 8 మిల్లీమీటర్లు, బాబాయిది 13. రాయి 10 దాటితే ఒక్క సిట్టింగ్‌లో పోయే అవకాశం తగ్గుతుంది. తర్వాత హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, అంటే సాంద్రత లెక్క. నీటికి సున్నా. మేస్త్రీ రాయికి 600, బాబాయి రాయికి 1300. 1000 దాటితే గట్టి రాయి అన్నట్టే. మూడోది చర్మం నుంచి రాయికి దూరం. బాబాయిది భారీ శరీరం, 12 సెంటీమీటర్లు. దూరం 10 దాటితే దెబ్బ పలచబడుతుంది. పైగా రాయి చాలా రోజులుగా నాళం గోడకు కరుచుకుని ఉంది. చుట్టూ ద్రవం లేకపోతే పగిలిన ముక్కలు కూడా విడిపోవు.

దెబ్బల వేగం కూడా ముఖ్యమే. నిమిషానికి 120 కన్నా 60 కొడితేనే రాయి బాగా పగులుతుంది. తొందరపడితే ముందు దెబ్బకు పుట్టిన బుడగలు తర్వాతి దెబ్బకు అడ్డొస్తాయి.

చివరికి బాబాయికి నాళంలోకి స్కోప్ పంపి లేజర్‌తో తీశారు. ఇదంతా పిన్నికి వివరిస్తే ఒక్కటే అడిగింది: "ఈ అంకెలన్నీ ముందే కాగితంలో ఉన్నాయిగా, మరి మాకెవరూ చెప్పలేదేం?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఈ అంకెలు గ్యారంటీ ఇవ్వవు, అవకాశం ఎంతో చెబుతాయి, అంతే. కానీ అప్పు చేసేవాళ్లకు ఆ అవకాశం ఎంతో తెలియాలి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం వస్తే సైజు, సాంద్రత, దూరం ఎంతో డాక్టరు గారిని అడగండి. అమ్మానాన్నలు మొహమాటపడితే మీరే అడగండి.